తొలి తాంబూలం

పుష్యరాగపురిలో ఆ ఉదయం పనిలేని మనిషి ఒక్కడూ లేడు. కోటగుమ్మం మొదలుకొని కొలువుకూటం దాకా అరటిబోదెలు నిలిపి, వాటి నడుమ మామిడాకులూ మరువమూ చేమంతులూ కలిపి కట్టిన తోరణాలు లాగారు. పాలరాతి మెట్లమీద ముత్యాల ముగ్గులు, ఆ ముగ్గులకు పగడాల అంచులు, నూట ఎనిమిది దంతపు స్తంభాల మీద పన్నీరు చిలకరించిన పట్టు చాందినీ. గవాక్షాల్లోంచి పడిన ఎండ ఆ చాందినీ జరీలో చిక్కుకుని, కింద కూర్చున్న వాళ్ళందరి మొహాలకూ పసుపు రాసినట్టు కనిపించింది. మణిశృంగ రాజ్యానికి ఏకైక రాకుమారి అయిన విరజకూ, గజశాలలో పెరిగిన మావటి మాచనకూ ఆవేళ నిశ్చయ తాంబూలాలు.

రాజుగారి బిడ్డ ఏమిటి, మావటివాడు ఏమిటి అని మీరడుగుతారు. ఊరంతా అదే అడిగింది. గడిచిన పున్నమికి గండభేరుండం విరజను ఉద్యానవనంలోంచి ఎత్తుకుపోతే, కత్తులు తిప్పుకుంటూ వెళ్ళిన మొనగాళ్ళందరూ వంటినిండా ఈకలతో తిరిగొచ్చారు. మాచన మాత్రం తన ఏనుగు కలువనెక్కి కొండకొమ్ము దాకా వెళ్ళి, "పక్షిరాజా, తమకు శ్రమ కాకపోతే మా అమ్మాయిగారిని కాస్త కిందికి దించండి" అని చేతులు జోడించి అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక తనతో అంత మర్యాదగా మాట్లాడిన మనిషిని చూడని ఆ పక్షి, రెండు తలలతోనూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంది. ఆ సందులో కలువ దాని తోక పట్టుకుంది. విరజ కిందికి దూకి, తనను దించిన వాడినే పెళ్ళాడతానని అక్కడికక్కడే చెప్పేసింది.

మాచన మర్యాద అంటే మామూలు మర్యాద కాదు. తల్లీ తండ్రీ లేని పసివాణ్ణి గజశాలలో ముసలి మావటీలు పెంచారు. పెద్దలను మీరు అనాలి, ఎవరేమిచ్చినా రెండు చేతులా అందుకోవాలి, ఎవరినీ కాదనకూడదు అని వాళ్ళు చెప్పిన మూడు ముక్కలూ వాడి ఎముకల్లో ఇంకిపోయాయి. ఏనుగుతో కూడా "తల్లీ, కాస్త తొండం తీయండి" అంటాడు. కాబోయే భార్యను మీరు అనొద్దని విరజ ఇరవై రోజులుగా పోరుతోంది. ఒక్కసారైనా నువ్వు అనమంటే వాడికి చెమటలు పడతాయి.

ఇక కొలువుకూటంలో సంగతి. ఆస్థాన పురోహితుడు గణపాచార్యులు లగ్నపత్రిక రాయడానికి తాటాకు తీశాడు, గంటం తీశాడు, గొంతు సవరించుకున్నాడు. అంతలో రాజు ఉత్తుంగవర్మ ఎదురుగా ఉన్న తివాచీ వైపు చూశాడు. అది మగపెళ్ళివారు కూర్చునే తివాచీ. దాని మీద మాచన ఒక్కడే ఓ మూలగా కూర్చున్నాడు. వాడి వెనక గుమ్మం అవతల కలువ నిలబడి అరటిబోదె ఒకటి నములుతోంది.

"అబ్బాయి తరఫు పెద్ద ఎవరయ్యా?" అన్నాడు రాజు. "ఏనుగేనా?"

"ప్రస్తుతానికి వారేనండి" అన్నాడు మాచన.

సభలో నవ్వులు లేచాయి. విరజ నవ్వలేదు.

"పెళ్ళిపెద్ద సంగతి తరవాత చూద్దాం ప్రభూ" అన్నాడు గణపాచార్యులు. "ఇరుపక్షాల పెద్దలూ తాంబూలాలు పుచ్చుకోవడం రెండో మెట్టు. పెద్ద పుచ్చుకుంటే ఆ పక్షమంతా పుచ్చుకున్నట్టే, పెద్ద మాటకు పక్షమంతా కట్టుబడుతుంది. అసలు తొలి తాంబూలం సంగతేమిటి? అది ఎవరికి?"

మణిశృంగంలో ఏడు తరాలుగా ఉన్న ఆచారం అది. వెనకటికి ఒక రాజు పెళ్ళిలో, పిలవని శత్రువొకడు పీటలమీదే కత్తి దూశాడట. అప్పటినుంచీ ఆ రాజ్యంలో తొలి తాంబూలం బంధువుకు కాదు, శత్రువుకు. వధూవరులు స్వయంగా, తమ అసలు రూపంతో, తమ పేర్లు చెప్పి, ఆ ఇంటికి బద్ధశత్రువైన వాడి చేతిలో తాంబూలం పెట్టాలి. పుచ్చుకున్న చెయ్యి పదహారు రోజుల పండుగ వెళ్ళేదాకా ఆ ఇంటివాళ్ళ మీద లేవకూడదు. ఆ తాంబూలం చెల్లకుండా రెండోది ఇవ్వడానికి లేదు, లగ్నపత్రిక రాయడానికి లేదు.

"అదెంతసేపు. తామ్రగిరి రాజుకు పంపిస్తాం" అన్నాడు రాజు.

"ఆయనతో పోయిన నెలే సంధి అయింది ప్రభూ. ఇదిగో, మీ పక్కనే కూర్చుని లడ్డూ తింటున్నారు."

తామ్రగిరి రాజు లడ్డూ పట్టుకునే తల ఊపాడు. ఉత్తుంగవర్మ చాలా సంతోషంగా చుట్టూ చూశాడు. "అయితే నాకు శత్రువులే లేరన్నమాట" అన్నాడు. అనేశాక, దాని అర్థం ఆయనకు మెల్లగా తలకెక్కింది. ఆచార్యులు పంచాంగం తిరగేశాడు. శుక్ల దశమి లగ్నానికి ఎల్లుండి సూర్యాస్తమయం లోగా పత్రిక రాయాలి. తప్పితే మళ్ళీ మూడేళ్ళకు గానీ లగ్నం లేదు.

"మూడేళ్ళు నేనాగను" అన్నాడు రాజు. మావటి అల్లుడికి ఆయన ఒప్పుకున్నదే బిడ్డ పోరు పడలేక. "ఈ లగ్నానికి జరిగితే సరే. లేదా వచ్చే నెలలో స్వయంవరం చాటిస్తాను. యాభై ఆరు దేశాల రాకుమారులూ వస్తారు."

సభలో ఎవరి గుసగుసలు వాళ్ళు మొదలెట్టారు. వంటశాల పెద్ద లేచి, రాజుగారు తన పులిహోరను పోయిన ఉగాదికి చప్పగా ఉందన్నారనీ, అది తనకిప్పటికీ మంటగానే ఉందనీ, కావాలంటే శత్రువుగా తనను రాసుకోవచ్చనీ అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. ఆచార్యులు కుదరదన్నాడు.

అప్పుడు విరజ లేచింది. "నాన్నగారూ, ధూమ్రకేశుడు ఉన్నాడుగా" అంది.

ఆ పేరు వినగానే సన్నాయి వాడి చేతిలో సన్నాయి జారిపోయింది. పద్దెనిమిదేళ్ళ క్రితం నిండు కొలువులో రాజుగారి కిరీటాన్ని గుమ్మడికాయగా మార్చినందుకు దేశబహిష్కారం పొందిన మాంత్రికుడు ధూమ్రకేశుడు. పొగకొండ మీద ఉంటాడు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే అక్కడ బండలై పడివున్నారని చెప్పుకుంటారు.

"దివ్యంగా సరిపోతాడు" అన్నాడు ఆచార్యులు. తరవాత మాచనను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ముమ్మారు చెప్పాడు. "నాయనా, నీ నోటి సంగతి నాకు తెలుసు. వాణ్ణి ఒక్కణ్ణే పిలువు. పిలిచి నోరు మూసుకో. తాంబూలం పుచ్చుకున్న చెయ్యే కట్టుబడుతుంది, ఇంకో చెయ్యి కట్టుబడదు. తెలిసిందా?"

"చిత్తమండి" అన్నాడు మాచన మూడుసార్లూ.

* * *

కలువ మీద ఇద్దరూ బయలుదేరారు. విరజ తడిగుడ్డలో పెద్ద కట్ట తమలపాకులు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆ పగలు బుసలుకొట్టే బురద ఊబి దాటారు. ఊబిలోంచి లేచిన మొసలి తల ఒకటి దారికడ్డం పడితే కలువ దాన్ని మెట్టుగా వాడుకుని అవతలి గట్టెక్కింది. మర్నాడు పొద్దెక్కేసరికి గాలిలోయ వచ్చింది. అక్కడ గాలి మనిషి నోట్లోంచి మాటను కూడా ఊడబెరుక్కుపోతుంది. "గట్టిగా పట్టుకోండి" అని మాచన అరిస్తే ఆ అరుపు వెనకాల ఆమడ దూరాన ఏ కొండకో తగిలింది. ఒక్క విసురుకు విరజ ఒళ్ళోని మూట విడిపోయి ఆకులన్నీ చిలకల గుంపులా ఎగిరిపోయాయి. కలువ తొండం చాచి గాలిలోంచి లాక్కున్నవి లాక్కుంది. లోయ దాటి లెక్క చూస్తే నాలుగాకులు.

"తాంబూలానికి రెండు. మనకొక తాంబూలం చాలు" అంది విరజ. "రెండు మిగులు కూడాను. నువ్వేం దిగులు పడకు."

"మీరు ఉండగా నాకేం దిగులండి" అన్నాడు మాచన.

"మీరట" అంది విరజ, వాడి వీపు మీద ఒక్కటి చరిచి.

మూడో రోజు ఉదయం పొగకొండ కనిపించింది. కొండ చుట్టూ నల్లటి పొగ వలయాలు, వాటి మధ్య పాముకుబుసాలు తాపడం చేసిన గోడలు, గోడల మీద పుర్రెల దీపాలు, పగలే వెలుగుతున్నాయి. ద్వారం దగ్గర ఒంటికాలి భూతం కాపలా. పడుచు జంటగా వచ్చిన మనుషులెవరినైనా కనబడిన చోటే బండలు చేయమని దానికి ఆజ్ఞ. ఈ సంగతి విరజకు ముందే తెలుసు, వేషాలు కూడా తెచ్చింది. మాచనకు ముదురాకుపచ్చ చీర కట్టి, మీసం కనబడకుండా కొంగు ముక్కుదాకా లాగి, చేతికి బెత్తం ఇచ్చి సోదెమ్మను చేసింది. తను చీరనే పంచెలా బిగించి, తలపాగా చుట్టి సోదెమ్మ మనవడైంది. మాచన మీసం మాత్రం విరజే తీయనివ్వలేదు. పెళ్ళికి ఉండాలట.

"సోది చెబుతానమ్మా సోది. ఉన్నదున్నట్టు చెబుతా" అని మాచన గొంతు సన్నం చేశాడు.

భూతం ఆపుదామనుకుంది గానీ లోపలినుంచి ఓ కంచు గొంతు వినబడింది. "ఎవర్రా అది, సోదెమ్మా? పంపరా లోపలికి. ఈ కొండమీద ఊసుపోక చస్తున్నాను."

ఆ గొంతు ధూమ్రకేశుడి మేనత్తది. పేరు కోరలమ్మ. అయిదువందల ఏళ్ళ పిశాచి. పెదవుల మీదికి వచ్చిన రెండు కోరలకూ వెండి పొన్నులు తొడిగించుకుంది. మేనల్లుణ్ణి అయిదేళ్ళప్పటినుంచీ తనే పెంచింది. మాచన ఎదురుగా చతికిలబడి అరచెయ్యి చాచింది. ఆ చెయ్యి చాటంత ఉంది.

మాచనకు అబద్ధం చెప్పడం చేతకాదు. తన మనసులో ఉన్నదే చెప్పాడు. "మీ ఇంట్లో పెళ్ళిమాట పడుతుందమ్మా. ఇవాళే. బాజాలు మోగుతాయి."

కోరలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగానా తల్లీ? మా వంశంలో పెళ్ళి చూసి మూడువందల ఏళ్ళు. మావాడా, పెళ్ళాడడు. మమ్మల్నా, ఎవరూ పిలవరు. పెట్టెలో పట్టుచీర చెదలు పట్టిపోతోంది."

"ఎవరితో అత్తా మాటలు?" అంటూ పొగలోంచి ధూమ్రకేశుడు దిగాడు. జుట్టు జుట్టంతా పొగే. ఒక్క చూపులో కొంగు కింది మీసం కనిపెట్టాడు. మంత్రదండం ఎత్తాడు.

పారిపోతే ఆ వేషంలోనే పారిపోవచ్చు. కానీ వేషంతో ఇచ్చిన తాంబూలం చెల్లదు. మాచన చీర విప్పి పడేసి దట్టీతో నిలబడ్డాడు. విరజ తలపాగా లాగేసింది. పళ్ళెంలో రెండాకులు, ఒక వక్క, ఒక పండు పెట్టి ఇద్దరూ కలిసి ముందుకు చాచారు.

"నేను ఉత్తుంగవర్మ కూతురు విరజను."

"నేను మావటి మాచననండి."

"మా ఇంటికి బద్ధశత్రువులు మీరు. మా పెళ్ళి తొలి తాంబూలం మీకు" అంది విరజ.

ఎత్తిన దండం ఎత్తినట్టే ఉండిపోయింది. ధూమ్రకేశుడు పకపకా నవ్వాడు. "పద్దెనిమిదేళ్ళకు గుర్తొచ్చానా మీ నాన్నకు? పో, పుచ్చుకోను. ఇద్దరినీ బండలు చేసి గుమ్మానికి అటొకటి ఇటొకటి..."

"ఒరేయ్ ధూమ్రా" అంది కోరలమ్మ. అంతే అంది. మాంత్రికుడు నవ్వు ఆపాడు. "గుమ్మంలోకొచ్చి తాంబూలం ఇస్తుంటే కాదంటావా? నా పెంపకం ఇదేనా? మూడువందల ఏళ్ళకు పిలుపొస్తే తిప్పి పంపుతావా? పుచ్చుకో."

ధూమ్రకేశుడు పళ్ళు నూరుకుంటూ చెయ్యి చాచి తాంబూలం పుచ్చుకున్నాడు. వాడి వేళ్ళ చుట్టూ సన్నటి పసుపు గీత ఒకటి వెలిగి ఆరిపోయింది. చెయ్యి కట్టుబడింది. విరజ ఊపిరి పీల్చుకుంది. ఇక వెనక్కి తిరిగి నడిస్తే చాలు.

మాచన తిరిగేవాడే. కానీ పెళ్ళికి పిలిచి ఒట్టి మొహంతో తిరిగిపోవడం ఎక్కడైనా ఉందా? వాడి చేతులు వాటంతటవే జోడయ్యాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. "సకుటుంబ సపరివారంగా, పిల్లాజెల్లాతో సహా అందరూ తప్పక రావాలండి" అన్నాడు.

విరజ కళ్ళు మూసుకుంది. ధూమ్రకేశుడి మొహం విప్పారింది. "అందరూనా? పిలుపు పిలుపే. కాదనకూడదుగా అత్తా" అని చిటికె వేశాడు. బండల కిందనుంచి, కుండల్లోంచి, పొగలోంచి, గోడల పగుళ్ళలోంచి జనం లేచారు. కొమ్ముల వాళ్ళు, తోకల వాళ్ళు, తల చంకలో పెట్టుకున్న వాళ్ళు. ఏడువందల మంది. "నేను మీవాళ్ళ మీద చెయ్యెత్తను. మాటంటే మాటే. వీళ్ళ చేతుల సంగతి మాత్రం నాకు తెలీదు. వీళ్ళు తాంబూలం పుచ్చుకోలేదు మరి."

"నోరు మూసుకోమని మూడుసార్లు చెప్పారు కదా" అంది విరజ పళ్ళ మధ్యనుంచి.

"చెప్పారండి" అన్నాడు మాచన. వాడికి ఏడుపొక్కటే తక్కువ. ఏడువందల మందికి పద్నాలుగు వందల ఆకులు కావాలి. ఉన్నవి రెండు. రాజుగారి కోట, పుష్యరాగపురి జనం, చాందినీ కింద లడ్డూలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

ఈలోగా కోరలమ్మ పట్టుచీర దులిపి కట్టేసుకుంది. కోరల పొన్నులు తుడుచుకుంటూ వచ్చి, "అవునుగానీ అబ్బాయ్, మేమెటు కూర్చోవాలి? ఆడపెళ్ళివారి వైపా, మగపెళ్ళివారి వైపా? మీవాళ్ళు ఎందరొస్తున్నారు?" అని అడిగింది.

ఎవరైనా అడిగే మాటే. కానీ మాచనకు ఖాళీ తివాచీ, దాని మూల తను, నవ్వులు గుర్తొచ్చాయి. "నావైపు ఎవరూ లేరమ్మా. నేనూ నా ఏనుగూ. అంతే" అన్నాడు.

కోరలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో నా తండ్రీ" అంది.

విరజ మాచన చెయ్యి గట్టిగా నొక్కింది. వాడు ఆమె మొహం చూశాడు, మూటలో మిగిలిన రెండాకులూ చూశాడు. పెద్ద పుచ్చుకుంటే పక్షమంతా పుచ్చుకున్నట్టే. వాడు కోరలమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఉపాయం కోసం మొదలెట్టిన దణ్ణం సగంలోనే నిజమైపోయింది. "అమ్మా, తమరు నా తరఫున కూర్చుంటారా? నాకు పెళ్ళిపెద్దగా ఉంటారా? చిన్నప్పటినుంచీ ఇంకొకళ్ళ పెళ్ళిళ్ళకు ఏనుగును తోలడమే గానీ, నా వెనక ఎవరూ నడిచింది లేదు."

"అత్తా, పుచ్చుకోకు, మోసం" అని, విరజ ఆ రెండాకులూ పళ్ళెంలో పెట్టి చాచడం చూసి ధూమ్రకేశుడు ముందుకు ఉరికాడు.

"ఈ ఇంటికి పెద్ద నువ్వా, నేనా?" అంటూ ఆవిడ రెండో తాంబూలం కొంగులో వేసుకుంది. పసుపు గీత ఆవిడ చేతి మీద వెలిగి, అక్కడినుంచి ఏడువందల చేతుల మీదికీ గొలుసులా పాకిపోయింది. గోళ్ళు చాచినవాళ్ళు గోళ్ళు ముడుచుకున్నారు. తల చంకలో పెట్టుకున్నవాడు పెళ్ళివాడిలా కనిపించాలని తల మెడమీద సర్దుకున్నాడు.

* * *

ఆకాశమార్గాన ఏడువందల మంది బయలుదేరారు. పొగమేఘం మీద కలువ, కలువ మీద వధూవరులు, వాళ్ళ వెనక పుర్రెల డోళ్ళు, కొమ్ముబూరలు. ఇంకా ప్రొద్దు రెండు బారలు ఉండగానే పుష్యరాగపురి సింహద్వారం ముందు దిగారు. కోటమీద కాపలావాళ్ళు కొయ్యబారిపోయారు. మాచన సంతోషంగా ముందుకు నడవబోయాడు.

"ఆగు" అన్నాడు ధూమ్రకేశుడు. మెల్లగా దారి మధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "చెయ్యెత్తకూడదు, సరే. కానీ మేం మగపెళ్ళివారం. అలగడానికి మాకు హక్కుంది. ఎదురుకోలు ఏదీ? పానకమేదీ? ఉత్తుంగవర్మ స్వయంగా బిందె పట్టుకుని వస్తే గానీ మేం కదలం."

"నిజమే" అన్నారు ఏడువందల మందీ, వాడి వెనక వరసగా కూర్చుంటూ. కోరలమ్మ కూడా కూర్చుంది. ఎదురుకోలు లేని పెళ్ళికి ఆవిడ ఎందుకు వెళ్తుంది?

ప్రొద్దు బారెడుకు దిగింది. కోటమీద రాజుగారి తలపాగా ఒకసారి కనబడి మాయమైంది. ప్రొద్దు మూరెడుకు దిగింది. విరజ గుమ్మం తలుపు మీద రెండు చేతులతో బాదింది. "నాన్నగారూ, పానకం పొయ్యనంటే చెప్పండి, నేనే పొగకొండకు కాపురం పోతాను" అంది.

తలుపులు కిర్రుమన్నాయి. మణిశృంగాధీశుడు ఉత్తుంగవర్మ ఒంటరిగా, చంకన వెండి పానకం బిందెతో, బయటికి వచ్చాడు. పద్దెనిమిదేళ్ళ కిందట వెళ్ళగొట్టిన మనిషికి ఎదురుగా నిలబడ్డాడు. బిందె ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. చివరికి అన్నాడు: "బావగారూ, గుమ్మడికాయ సంగతి మరిచిపోదాం. లోపలికి రండి."

ధూమ్రకేశుడు తలెత్తి చూశాడు. పద్దెనిమిదేళ్ళలో వాణ్ణి ఎవరూ రమ్మనలేదు, బావగారూ అని అసలే అనలేదు. వాడి పొగజుట్టు కాస్త తెల్లబడింది. "మిరియాలు వేశారా?" అన్నాడు.

"వేశాం."

వాడు లేచి పానకం తాగాడు. గణపాచార్యులు అక్కడే గుమ్మంలో కూలబడి, చెమటలు కారుతూ లగ్నపత్రిక రాశాడు. శుక్ల దశమి, ఉత్తరాషాఢ, మాచన, విరజ. చివర్లో ఎప్పుడూ రాసే వాక్యమే రాశాడు: ఉభయ పక్షాల ఆచారాలను అనుసరించి జరిపించుటకు నిశ్చయమైనది. రాజు ముద్ర వేశాడు. కోరలమ్మ బొటనవేలు వేసింది. అప్పుడు కొండ వెనక ప్రొద్దు గుంకింది. డోళ్ళు మోగాయి. మాచన అందరి ముందూ ఏడ్చేశాడు. వాడి వెనక ఏడువందల మంది నిలబడి ఉన్నారు.

"ఇక ఆచారాలు" అంది కోరలమ్మ ఉత్సాహంగా. "మా వంశంలో పత్రిక పడిన సాయంత్రమే కాశీయాత్ర. ఇదిగో బాబూ, పావుకోళ్ళు. ఇదిగో గొడుగు. మూడడుగులు వెయ్యి."

కాశీయాత్ర అంటే అందరికీ తెలిసిందే. పెళ్ళికొడుకు అలిగినట్టు నటించి నాలుగడుగులు వేయడం, బావమరిది బెల్లం ముక్క పెట్టి వెనక్కి పిలుచుకురావడం. మాచన పెద్దావిడ చేతిలోని పావుకోళ్ళు రెండు చేతులా అందుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగు కింద నేల లేదు.

"అయ్యో, చెప్పడం మరిచా" అంది కోరలమ్మ. "మా కాశీ పాతాళంలో ఉంటుంది."

ధూమ్రకేశుడు అంచుకు పరుగెత్తుకొచ్చి తొంగిచూశాడు. వాడి మొహంలో కుట్ర లేదు, కంగారే ఉంది. "మావాళ్ళు వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. తిరిగొచ్చింది మా తాతొక్కడే. బావమరిది దిగి పిలుచుకురావాలి. ఎవరమ్మా బావమరిది?"

"నాకు అన్నదమ్ములు లేరు" అంది విరజ. చీర కుచ్చెళ్ళు నడుముకు బిగించి, ఆచార్యుల పళ్ళెంలోంచి బెల్లం ముక్క తీసుకుంది. "బెల్లం నేనే పెడతాను."

గొడుగు పట్టుకుని గిరగిరా కిందికి దిగుతున్న మాచనకు పైన గజ్జెల చప్పుడు వినబడింది. తలెత్తితే చీకటి బిలం గోడ పట్టుకుని ఆమె దిగివస్తోంది. వాడి నోట మాట దానంతటదే వచ్చేసింది. "రావద్దు. విరజా, నువ్వు రావద్దు."

"ఇప్పటికి పెగిలిందా నోరు" అని పైనుంచి నవ్వు వినబడింది.

అంతలో కిందినుంచి వెలుగు వచ్చింది. పాతాళపు నేలమీద నాగమణుల దీపాలు రెండు వరసలుగా నిలిచి ఉన్నాయి. పచ్చల తోరణాలు కట్టి ఉన్నాయి. వాటి నడుమ పడగల కిరీటాలు పెట్టుకున్న పేరంటాళ్ళు, వాళ్ళ మధ్య మేలిముసుగుతో ఓ పెళ్ళికూతురు. మాచన పావుకోళ్ళు నేలకు తగలగానే సన్నాయి లేచింది. "మూడువందల ఏళ్ళకు మళ్ళీ మాకు పెళ్ళికొడుకు వచ్చాడు" అంటూ ఓ ముసలి నాగరాజు నవ్వుమొహంతో ఎదురొచ్చి, వెండి పళ్ళెంలో రెండాకులూ వక్కా పెట్టి చాచాడు.

"మాచనా, ఆ పళ్ళెం ముట్టుకోకు" అన్న విరజ కేక ఎక్కడో పైనుంచి, ఇంకా చాలా పైనుంచి వచ్చింది.

మాచన విన్నాడు. వినడం అయితే విన్నాడు. కానీ ఎదురుగా పెద్దాయన, తెల్ల గడ్డం, ఎంతో ఆప్యాయంగా ఇస్తున్నాడు. పుట్టినప్పటినుంచీ ఎవరేమిచ్చినా కాదని ఎరగని వాడి రెండు చేతులూ అప్పటికే ముందుకు సాగి ఉన్నాయి.